పిల్లలతో క్రిస్మస్ అలంకరణలు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

డిసెంబరు వచ్చిందంటే మా సండే స్కూల్ గది నిండా మైదా, మెరుపులు, కాగితం ముక్కలే. ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా పాతికమంది పిల్లలు. ఏటా ఏదో ఒకటి చెడుతుంది. మొదట్లో పిల్లలు సరిగ్గా చెయ్యలేదనుకునేదాన్ని. తీరా చూస్తే తప్పు చాలాసార్లు నేను కలిపిన పిండిలోనో, నేను పోసిన జిగురులోనో ఉండేది.

ఉప్పు పిండి బిళ్లలు చెమ్మగిల్లి మెత్తబడుతున్నాయి

మా ఊరికి సముద్రం దగ్గర. ఒక ఏడాది శుక్రవారం రంగులేసిన బిళ్లలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆదివారం తీస్తే, నక్షత్రాలూ గంటలూ అతుక్కుపోయి ఒకే ముద్ద. ఇద్దరు ఏడ్చారు, నాకూ ఏడుపొక్కటే తక్కువ.

ఉప్పు గాల్లోని తేమను పీల్చుకుంటుంది. దానికి తోడు పైన ఎండిన బిళ్ల లోపల పచ్చిగానే ఉంటుంది. ముసురు పట్టిన వారంలో ఇక చెప్పక్కర్లేదు.

కొలత 2 గ్లాసుల మైదా, 1 గ్లాసు ఉప్పు, ముప్పావు గ్లాసు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయకుండా కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండికంటే గట్టిగా కలపాలి. రాళ్లుప్పు వద్దు, మెత్తటి ఉప్పే వాడండి. లేకపోతే బిళ్ల గరుకుగా వచ్చి అంచులు రాలతాయి. అర సెంటీమీటరుకంటే మందం వద్దు. ఓవెన్ ఉంటే 100 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు మూడు గంటలు. లేకపోతే రెండు మూడు రోజుల ఎండ, మధ్యలో తిరగెయ్యడం మరవకూడదు. ఎండిందో లేదో తెలియాలంటే వేలితో కొట్టి చూడండి. టకటకమంటే ఎండినట్టు, ధబ్‌మంటే లోపల పచ్చి. రంగేశాక ముందూ వెనకా అంచులూ అన్నిటికీ వార్నిష్ వెయ్యాలి. వెనకవైపు ఎవరు చూస్తారులే అని వదిలేస్తే తేమ అక్కణ్ణుంచే దూరుతుంది. వార్నిష్ పని పెద్దవాళ్లదే, అదీ ఆరుబయట.

ఇప్పటికే మెత్తబడ్డవాటిని పారెయ్యకండి. రంగు వెయ్యనివైతే మళ్లీ ఎండలో పెడితే గట్టిపడతాయి.

బిళ్ల పగిలింది, లేదా అప్పడంలా వంకర తిరిగింది

ఫ్యాను కింద పెట్టారా? పైపొర తొందరగా ఎండి ముడుచుకుంటే, తడి లోపలే ఉండిపోయి పగుళ్లిస్తుంది. ఒకవైపే ఎండితే వంకర తిరుగుతుంది. మొదటి రోజు నీడలో ఉంచి, తర్వాత ఎండలోకి మార్చండి. సన్నటి పగులైతే మిగిలిన పిండిని నీళ్లలో జారుగా కలిపి పూడ్చొచ్చు.

దారానికి పెట్టిన చిల్లు పూడుకుపోయింది

పిల్లలు అగ్గిపుల్లతో పొడుస్తారు. పచ్చి పిండి కదా, కాసేపటికి మళ్లీ కూడుకుంటుంది. స్ట్రాతో గుచ్చి, అంచుకు ఒక సెంటీమీటరు లోపలికి పెట్టించండి. మరీ అంచునైతే తగిలించగానే ఊడుతుంది. ఎండిపోయిన బిళ్లకు మేకుతో చిల్లు పెట్టబోతే రెండు ముక్కలవుతుంది (అనుభవమే). దానికి బదులు వెనకాల రిబ్బను ముక్కను మడిచి, పైన చిన్న గుడ్డముక్క వేసి ఫెవికాల్‌తో అంటించండి. పిండి పచ్చిగా ఉన్నప్పుడే వెనకవైపు పుల్లతో పేరు గీయించేస్తే "అది నాది" గొడవలు సగం తగ్గుతాయి.

బిళ్లలు చూడ్డానికి బిస్కెట్లలా ఉంటాయి. చిన్నపిల్లలకూ, ఇంట్లో కుక్కకూ అందకుండా పెట్టండి. అంత ఉప్పు తింటే కుక్క ప్రాణం మీదికొస్తుంది.

మెరుపు కాగితం అంటుకోవడం లేదు

"అక్కా, నాది మళ్లీ ఊడింది!" అని వినిపించగానే పిల్లలు ఇంకాస్త జిగురు పోస్తారు. అదే పొరపాటు. ఫెవికాల్‌లోని నీళ్లు పోతేనే అది పట్టుకుంటుంది. రెండువైపులా ప్లాస్టిక్కో రేకు కాగితమో ఉంటే ఆ నీళ్లు పోయే దారి లేదు. అలాంటివాటికి డబుల్ సైడ్ టేప్ వాడండి. మామూలు కాగితానికి సీసా మూతలో కాస్త ఫెవికాల్, ఇద్దరికి ఒక మూత, ఇయర్ బడ్‌తో రాయడం. సీసా మాత్రం పిల్లల చేతికివ్వకండి.

నక్షత్రం కత్తిరిస్తే నాలుగు కొనలే వచ్చాయి, లేదా ముక్కలుగా రాలింది

కాగితాన్ని మధ్యకు, మళ్లీ మధ్యకు, ఆపైన ఐమూలగా మడిచారు. ఆ మడతలకు నాలుగు కొనలే వస్తాయి, పిల్లాడి తప్పేం లేదు. ఐదు కావాలంటే కాగితాన్ని ఒక్కసారే సగానికి మడిచి, మడత మధ్యలో చుక్క పెట్టి, అక్కణ్ణుంచి 36 డిగ్రీల చొప్పున ఐదు భాగాలు చేసి విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడవాలి. తర్వాత ఏటవాలుగా ఒక్క కోత. పెద్దపిల్లలకు కోణమానిని ఇస్తే వాళ్లే గీసుకుంటారు, లెక్కల పీరియడ్ అని గుర్తు చెయ్యకపోతే చాలు. ముక్కలుగా రాలిందంటే మడత అంచు మొత్తం కోసేశారన్నమాట. ముందు పెన్సిల్‌తో గీత గీయించండి.

గుమ్మానికి కట్టే వెదురు నక్షత్రం ఉబ్బెత్తుగా రావడం లేదు

ఐదేసి బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, కొనలు కలిపి ఊరుకుంటే పలకలాగే ఉంటుంది. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా జానెడు పుల్లలు అడ్డంగా నిలబెట్టాలి. గాలిపటం కాగితం అంటించడానికి ఉడికించిన మైదా చాలు. పోస్టర్లు అంటించేవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లల దగ్గర వద్దే వద్దు. లోపల చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టండి. పాతకాలపు బల్బు వేడికి కాగితం మాడుతుంది.

సరుగుడు కొమ్మ వంగిపోతోంది

బకెట్లో తడి ఇసుక పోసి నిలబెడితే కొమ్మ కొన్నాళ్లు పచ్చగా ఉంటుంది. కొనలకు కాగితం నక్షత్రాలు, బరువైన బిళ్లలు కాండం దగ్గర. కానీ చిన్నపిల్లలందరూ తమకు అందే కొమ్మకే తగిలిస్తారు, అదొక్కటే నేలకు దిగుతుంది. ఆ కొమ్మను వెనకనుంచి పురికొసతో కాండానికి కట్టెయ్యండి. బిళ్లల్ని తీసి పైకి మార్చకండి. ఆదివారం రాగానే వాళ్లు వెతుక్కునేది ఆ కొమ్మ మీదే.