ఆవిరికి ముందు, ఆవిరి తరువాత: క్యాంటనీస్ డిమ్ సమ్‌ను సురక్షితంగా వండుకునే పద్ధతి

డిమ్ సమ్ అనేది ఒక్క వంటకం పేరు కాదు. తేనీటితో పాటు కొద్దికొద్దిగా తినే చిన్న చిన్న వంటకాలన్నింటికీ కలిపి ఉన్న పేరు అది. దక్షిణ చైనాలో క్యాంటనీస్ భాష మాట్లాడే గ్వాంగ్‌జౌలోను, హాంగ్‌కాంగ్‌లోను ఉదయం పూట టీశాలకు వెళ్లి వీటిని తినడాన్ని 'యం చా' అంటారు. ఆ మాటకు అర్థం తేనీరు తాగడమనే. రొయ్యలు కూరిన హా గావ్, పంది మాంసంతో చేసే సియూ మై, తియ్యగా కాల్చిన పంది మాంసం పెట్టిన చా సియూ బావ్, గుడ్డు కస్టర్డ్ నింపిన డాన్ తాట్ అనే నాలుగింటినీ కలిపి 'నలుగురు దివ్యరాజులు' అని పిలవడం అక్కడి వాడుక. ఈ నాలుగింటిలో మూడు ఆవిరి మీద ఉడికేవే కాబట్టి, పొగలు కక్కుతూ వచ్చిన బుట్టను చూసి ఇక భయం లేదనుకోవడం చాలామందికి అలవాటు.

ఆ నమ్మకం సగమే నిజం. ఆవిరి సూక్ష్మజీవులను చంపుతుంది కానీ, వాటిలో కొన్ని అంతకుముందే ఆహారంలో విడిచిన విషాన్ని పోగొట్టలేదు. బుట్టను పొయ్యి మీద నుంచి దించాక జరిగే వాటిపై దానికి అధికారమూ లేదు. అందువల్ల డిమ్ సమ్ విషయంలో జాగ్రత్త అంటే ప్రధానంగా ఆవిరికి ముందు గడిచే గంటల గురించి, ఆవిరి తరువాత గడిచే గంటల గురించి తీసుకునే జాగ్రత్తే. ఈ వ్యాసంలో హా గావ్, సియూ మైల తయారీని కాస్త వివరంగా, మిగిలిన వాటిని అవసరమైన మేరకు చెబుతాను.

రొయ్యలు, వెలిగారం

హా గావ్ విలువంతా రొయ్య పంటి కింద గట్టిగా, కరుక్కుమని విరగడంలో ఉంది. ఈ బిగువు కోసం వెలిగారం, అంటే బోరాక్స్, కలిపే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఎక్కువ మోతాదులో ఇది జంతువుల పునరుత్పత్తి వ్యవస్థను దెబ్బతీస్తుందని ప్రయోగాలలో తేలింది. ఆహారంలో దీని వాడకం హాంగ్‌కాంగ్‌లోను, చైనా ప్రధాన భూభాగంలోను నిషిద్ధం. పాత పద్ధతి కదా అని దీనిని సమర్థించేవారితో నేను ఏకీభవించను. వెలిగారం లేకుండానే ఆ బిగువును సాధించవచ్చు కాబట్టి రుచి పేరు చెప్పి దానిని వాడడానికి కారణమే లేదు.

గడ్డకట్టిన రొయ్యలైతే ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో, నీరు కారకుండా లోతైన గిన్నెలో పెట్టి కరగనివ్వాలి. వంటగట్టు మీద కరగనివ్వకూడదు. పొట్టు, వీపు మీది నల్లటి నరం తీసిన 250 గ్రాముల రొయ్యలకు అర చెంచా ఉప్పు, పావు చెంచా వంట సోడా, ఒక చెంచా కర్రపెండలం పిండి పట్టించి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. తరువాత చల్లని నీటిని సన్నని ధారగా వదిలి, జిగురంతా పోయి రొయ్య చేతికి గరుకుగా తగిలేవరకు కడగాలి. ధార సన్నగా ఉండాలనడానికి కారణం ఉంది. సముద్రపు రొయ్యలపై విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ, నీటి తుంపరలతో అది పక్కనున్న గిన్నెల మీదికి, వండకుండా తినే కూరల మీదికి చేరుతుంది. కడిగిన రొయ్యలను శుభ్రమైన కాగితంతో అద్ది, పూర్తిగా తడి ఆరిన తరువాతే ముక్కలు చేయాలి. తడి మిగిలితే పైపొర చిరుగుతుంది.

పైపొరకు 100 గ్రాముల గోధుమ గంజిపిండి, అంటే జిగురు తీసేసిన గోధుమ స్టార్చ్, 50 గ్రాముల కర్రపెండలం పిండి, చిటికెడు ఉప్పు కలపాలి. అందులో సుమారు 200 మిల్లీలీటర్ల నీటిని, తెర్లుతుండగానే, ఒక్కసారిగా పోసి కర్రతో వేగంగా కలిపి, 5 నిమిషాలు మూతపెట్టాలి. నీరు కాస్త చల్లారినా పిండి ఉడకదు, తరువాత మడతలు పెట్టేటప్పుడు పగులుతుంది. చెంచాడు పంది కొవ్వు కలిపి మెత్తగా పిసికి, తడిగుడ్డ కింద ఉంచి, చిన్న ఉండలుగా తీసుకుని, నూనె రాసిన వెడల్పాటి కత్తి పక్కభాగంతో అదిమితే పలుచని పొరలు వస్తాయి. పన్నెండు మడతలకు తక్కువ కాకుండా వేయడం నిపుణుల ప్రమాణం. నేర్చుకునేవారు ఏడెనిమిదితో సరిపెట్టుకున్నా రుచికి లోటుండదు.

ఇక్కడే మొదటి ప్రమాదం పొంచి ఉంది. మడతలు వేయడం నిదానమైన పని. నలభై హా గావ్‌లు పూర్తయ్యేసరికి చేయి తిరగనివారికి గంటన్నర పట్టవచ్చు, అంతసేపూ పచ్చి రొయ్యల మిశ్రమం వెచ్చని వంటగదిలోనే ఉంటుంది. అందుకే మిశ్రమాన్ని నాలుగు చిన్న గిన్నెలలోకి పంచి, ఒక్కొక్క గిన్నెను మాత్రమే బయటికి తీయాలి. చుట్టినవాటిని పళ్లెం నిండగానే 4 డిగ్రీల సెల్సియస్ ఫ్రిజ్‌లోకి పంపాలి. చేతి మీద కోసుకున్న గాయం, చీముపొక్కు ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండడం మంచిది. చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ ఆహారంలో పెరిగి వదిలే విషం ఆవిరి వేడికి చెక్కుచెదరదు.

సియూ మై, పచ్చి పంది మాంసం

సియూ మైకి 300 గ్రాముల పంది మాంసం (మూడో వంతుకు కాస్త తక్కువగా కొవ్వు ఉన్నది), 150 గ్రాముల రొయ్యలు, నానబెట్టి తరిగిన నాలుగు షిటాకే పుట్టగొడుగులు, సోయా సాస్, నువ్వుల నూనె, తెల్ల మిరియాల పొడి, కొద్దిగా చక్కెర, చెంచాడు గంజిపిండి కావాలి. ఎండు షిటాకేలను రాత్రంతా నానబెట్టేటట్లయితే ఫ్రిజ్‌లోనే నానబెట్టాలి. అవి సరిగా ఉడకకపోతే కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్లు ఎర్రని చారలు తేలతాయి, కాబట్టి వాటిని మరీ పెద్ద ముక్కలుగా వదలకూడదు.

మాంసానికి బంతిలాంటి సాగుడు రావడానికి, క్యాంటనీస్ వంటవారు దానిని చేత్తో ఎత్తి గిన్నెలోకి మళ్లీ మళ్లీ విసిరికొడతారు. ఇది నిజంగా పనిచేసే పద్ధతే, దీనిని మానుకోనక్కరలేదు. అయితే చేతికి తొడుగు వేసుకోవాలి. పచ్చి పంది మాంసంలో ఉండగల స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియా చిన్న గాయం గుండా కూడా శరీరంలోకి ప్రవేశించి, మెదడు పొరల వాపును, శాశ్వత చెవుడును కలిగించగలదు. 2005లో సిచువాన్ రాష్ట్రంలో ఇది పెద్ద ఎత్తున వ్యాపించి ప్రాణాలు తీసింది. బాధితులలో ఎక్కువమంది జబ్బుపడిన పందులను కోసినవారు, ఆ మాంసాన్ని ముట్టుకున్నవారు. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి పచ్చి మిశ్రమాన్ని నాలుక మీద పెట్టుకునే అలవాటు ఉన్నవారు దానిని వెంటనే వదిలిపెట్టాలి. ఒక చెంచాడు మిశ్రమాన్ని పెనం మీద వేయించి రుచి చూస్తే సరిపోతుంది. పైన అలంకరించే పీత గుడ్లను, చేప గుడ్లను ఉడికిన తరువాత కాకుండా ఉడకడానికి ముందే పెట్టాలి.

ఆవిరి పట్టడం

కాలాన్ని లెక్కించవలసింది బుట్ట పెట్టిన క్షణం నుంచి కాదు, నీరు బలంగా తెర్లుతూ మూత అంచుల నుంచి ఆవిరి ఎగదన్నిన క్షణం నుంచి. హా గావ్‌కు 5 నుంచి 6 నిమిషాలు, సియూ మైకి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఒకదానిపై ఒకటిగా మూడు బుట్టల కంటే ఎక్కువ పేర్చితే పై బుట్టకు అందే వేడి తగ్గుతుంది. రంగును చూసి ఉడికిందని తేల్చుకోవడం నమ్మదగినది కాదు. సన్నని మొన ఉన్న ఆహార థర్మామీటర్‌ను అన్నింటికంటే పెద్దదాని నడిమధ్యకు గుచ్చి చూడాలి. అక్కడ వేడి 75 డిగ్రీలకు చేరి కనీసం 30 సెకన్లు నిలవాలన్నది హాంగ్‌కాంగ్ ఆహార భద్రతా కేంద్రం చెప్పే ప్రమాణం. గడ్డకట్టించి నిల్వ చేసిన పచ్చి హా గావ్‌లను కరగనివ్వకుండా నేరుగా ఆవిరికి ఎక్కించి, మూడు నాలుగు నిమిషాలు అదనంగా ఉంచాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. పై బుట్టలోని రసం వెదురు సందుల గుండా కింది బుట్టలోకి చుక్కలు చుక్కలుగా కారుతుంది. రొయ్య పడనివారు ఇంట్లో ఉంటే, వారి కోసం చేసిన కూరగాయల డిమ్ సమ్‌ను రొయ్యల బుట్టకు పైన పెట్టినా ఆవిరి నీరు కలుస్తుంది, కింద పెడితే ఇంకా ప్రమాదం. అందుకని వారికి వేరే కుండ, వేరే నీరు ఉండాలి. గోధుమ గంజిపిండి, సోయా సాస్, నువ్వుల నూనె, ఆయిస్టర్ సాస్, గుడ్డు కూడా డిమ్ సమ్‌లో దాదాపు ప్రతిచోటా కనిపిస్తాయి. పైకి శాకాహారంలా కనిపించే ముల్లంగి కేకులో ఎండు రొయ్యలు, పంది మాంసపు సాసేజి ముక్కలు ఉండడం మామూలే కనుక, ఏదైనా పడనివారు టీశాలలో ప్రతి వంటకం గురించీ విడిగా అడిగి తెలుసుకోవాలి.

బియ్యంతో చేసేవి: అసలు జాగ్రత్త ఇక్కడే

మాంసానికి భయపడేవారు అన్నానికి భయపడరు. చ్యోంగ్ ఫన్ అనే బియ్యపు చుట్టలు, తామరాకులో చుట్టిన జిగురు అన్నం (లో మై గై) విషయంలో ఈ ధీమా తప్పు. వండినా చావని బాసిల్లస్ సెరియస్ బీజాలు అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి పెరుగుతాయి, అవి విడిచే, వాంతులు కలిగించే విషాన్ని ఆ తరువాత ఎంతసేపు ఆవిరి పట్టినా తొలగించలేము. ఉడికిన జిగురు అన్నాన్ని పెద్ద గిన్నెలో కుప్పగా వదిలితే నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి, 60 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు రెండు గంటలలోపు, అక్కడి నుంచి 4 డిగ్రీలకు మరో నాలుగు గంటలలోపు చల్లార్చాలి. చా సియూ బావ్‌లో పెట్టే చిక్కని మాంసపు కూరకూ ఇదే నియమం వర్తిస్తుంది.

చ్యోంగ్ ఫన్ పిండి జారును కలిపిన రోజే వాడేయాలి. తడిగా, పులిసేటట్లు నిల్వ ఉన్న బియ్యం, మొక్కజొన్న పిండి పదార్థాలలో బర్క్‌హోల్డేరియా గ్లాడియోలై జాతికి చెందిన ఒక బ్యాక్టీరియా పెరిగి బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని విడుదల చేయగలదు. ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు, విరుగుడు మందు లేదు, మరిగించినా పోదు. 2020 అక్టోబరులో ఈశాన్య చైనాలోని హెయ్‌లోంగ్‌జియాంగ్‌లో, ఏడాది పాటు ఫ్రీజర్‌లో దాచిన పులిసిన మొక్కజొన్న నూడుల్స్ తిని ఒకే విందులో తొమ్మిది మంది మరణించారు. గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో తడి బియ్యపు నూడుల్స్ వల్ల ఇదే విషం సోకి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కొన్న చ్యోంగ్ ఫన్ పొట్లంపై నిల్వ గడువు చిన్నదిగా కనిపిస్తే దానిని అక్షరాలా పాటించాలి. స్ప్రింగ్ రోల్స్‌లో వేసే ఎండిన నల్ల చెవి పుట్టగొడుగులను రోజుల తరబడి నానబెట్టడం కూడా ఇటువంటి ప్రమాదానికే దారితీస్తుంది. అవి ఉబ్బడానికి చాలినంతసేపే నీటిలో ఉంచాలి.

ఉప్పు బాతుగుడ్డు పచ్చసొన నింపి ఆవిరిపై వండే లావ్ సా బావ్ అనే బన్ను గురించి రెండు మాటలు. పచ్చసొనను ముందుగానే విడిగా ఆవిరిపై పూర్తిగా ఉడికించి, ఆ తరువాత వెన్న, చక్కెరలతో మెదపాలి. సొన మరీ ఎర్రగా ఉంటే మేలైనదని ఎంచుకోవడం సరికాదు. 2006లో చైనాలో బాతుగుడ్ల సొనకు ఆ రంగు రావడం కోసం ఆహారంలో వాడకూడని సుడాన్ అనే పారిశ్రామిక రంగు కలిపిన మేత పెట్టినట్లు బయటపడింది. నడుమ ద్రవంగా కరిగి ఉండే ఈ సొన నోటిని కాల్చేస్తుంది కనుక పిల్లలకు ముందుగా విడదీసి ఇవ్వాలి.

టీశాలలో

హాంగ్‌కాంగ్‌లో కూర్చోగానే వేడి తేనీటితో కప్పులు, గిన్నెలు, చాప్‌స్టిక్‌లు తొలవడం చూడముచ్చటైన ఆచారం. అయితే అది దుమ్మును కడుగుతుందే గాని క్రిములను చంపదు. కుండలోని తేనీరు అప్పటికే మరిగే స్థితి దాటి చల్లబడుతూ ఉంటుంది, తాకేది కొన్ని క్షణాలే. ఆచారాన్ని పాటించడంలో తప్పు లేదు, దానిపై ఆధారపడడంలోనే తప్పు. దానికంటే పనికివచ్చేది 'గుంగ్ ఫాయి', అంటే అందరూ వడ్డించుకోవడానికి మాత్రమే వాడే ఉమ్మడి చాప్‌స్టిక్‌లు. 2003లో సార్స్ వ్యాధి వచ్చిన తరువాత హాంగ్‌కాంగ్‌లో వీటి వాడకాన్ని గట్టిగా ప్రోత్సహించారు.

బండి మీద తెచ్చే బుట్టలను తీసుకునే ముందు మూత తీసి చూడమని అడగవచ్చు. ఆవిరి లేవకపోయినా, హా గావ్ పైపొర ఎండి అంచులు చిట్లినా, అది చాలాసేపటి నుంచి తిరుగుతున్నదని అర్థం. వేడి వంటకం 60 డిగ్రీలకు పైనే ఉండాలి. ఆర్డరు ఇచ్చాక వండి తెచ్చే చోటు దొరికితే నేను దానినే ఎంచుకుంటాను, రుచికి కూడా అదే మేలు.

మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటే

'దా బావ్', అంటే మిగిలినదాన్ని ఇంటికి పొట్లం కట్టించుకోవడం, చేయించుకున్న పొట్లానికి గడియారం ఇల్లు చేరిన తరువాత మొదలవదు. వంటకం వేడి తగ్గడం మొదలైన క్షణం నుంచే మొదలవుతుంది. హాంగ్‌కాంగ్ ఆహార భద్రతా కేంద్రం సూచించే లెక్క ఇది: 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలలోపు గడిచిన ఆహారాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రెండు నుంచి నాలుగు గంటలు గడిస్తే నాలుగు గంటలు పూర్తయ్యేలోపే తినాలి, తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు, నాలుగు గంటలు దాటితే పారవేయాలి. రెండు గంటల పాటు తేనీరు తాగుతూ కబుర్లు చెప్పుకున్న బల్ల మీది చ్యోంగ్ ఫన్‌ను నేనైతే ఇంటికి తేను. తెచ్చుకున్నవాటిని మళ్లీ ఆవిరి పట్టేటప్పుడు నడిమధ్య 75 డిగ్రీలకు చేరాలి. లో మై గై పొట్లం పెద్దదైతే తామరాకు విప్పి, అన్నాన్ని రెండు భాగాలు చేసి పెడితే తప్ప నడుమకు వేడి త్వరగా అందదు. ఇలా వేడి చేయడం ఒక్కసారికే పరిమితం, ఆ తరువాత మిగిలినది చెత్తబుట్టకే వెళ్లాలి.

వాడిన వెదురు బుట్టలను సబ్బునీటిలో నానబెట్టకుండా వేడినీటితో, బ్రష్‌తో తోమి, పది నిమిషాలు ఖాళీగా ఆవిరి పట్టి, గాలి బాగా ఆడేచోట పక్కకు నిలబెట్టి లోపలి దాకా ఆరనివ్వాలి. అల్లికలోకి నల్లని బూజు దిగిన బుట్టను గీకి వాడుకోవడానికి ప్రయత్నించకుండా కొత్తది తెచ్చుకోవాలి.