టూరింగ్ బ్యాలే డాన్సర్‌గా నిలబడటం, టూర్‌లో ఉంటూనే కొరియోగ్రాఫర్ కావడం

కొత్త థియేటర్‌లో అడుగుపెట్టగానే నేను ముందు చూసేది నేల. డ్రెస్సింగ్ రూమ్, అద్దాలు, లైట్లు అన్నీ తర్వాతే. బూట్లు విప్పి సాక్స్‌తో స్టేజీ ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తాను. మధ్యలో ఆగి నాలుగు చిన్న గెంతులు వేస్తాను. పైన పరిచిన వినైల్ షీటు కింద చెక్క, దాని కింద ఖాళీ ఉంటే నేల కొంచెం దిగి మళ్లీ లేస్తుంది. షీటు కింద కాంక్రీటే ఉంటే దెబ్బ నేరుగా కాలి ముందు ఎముకకు తగులుతుంది. స్టూడియోలో నేల ఎప్పుడూ ఒకటే. టూర్‌లో అది ఊరూరా మారుతుంది, మన టెక్నిక్ కూడా దానితో పాటు మారాలి. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు నేను ముందుగా నేర్పేది ఇదే.

కాంక్రీటు అని తేలితే రిహార్సల్‌లో పెద్ద గెంతులు వేయకండి. చేతులతో, చిన్న అడుగులతో దారి మాత్రం గుర్తు చేసుకోండి. దీన్నే మేం మార్కింగ్ అంటాం. బలమంతా సాయంత్రం ప్రదర్శనకు దాచుకోండి. కంపెనీ మేనేజర్‌కు విషయం అప్పుడే చెప్పండి. కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందే నేల గురించి ఒక వాక్యం రాయించుకోవడం ఇంకా మంచిది. రోజువారీ భత్యం, సెలవు రోజు, గాయమైతే జీతం, ఫిజియో ఖర్చు ఇవన్నీ అందులో ఉండాలని అందరూ చెబుతారు. నేల సంగతి చాలామంది మర్చిపోతారు.

పాత ఒపేరా హౌస్‌లలో ఇంకో చిక్కుంది. స్టేజీ ప్రేక్షకుల వైపు వాలుగా ఉంటుంది. ప్యారిస్‌లోని పాలే గార్నియే స్టేజీ వాలు 5 శాతం. అంటే 20 మీటర్ల లోతుకు ఒక మీటరు తేడా. చదును నేల మీద నేర్చుకున్న పిరవెట్, అంటే ఒంటికాలి మీద గిర్రున తిరగడం, అక్కడ మనల్ని స్టేజీ ముందు వాద్యబృందం కూర్చునే ఆర్కెస్ట్రా గుంట వైపు లాగుతుంది. బరువును కొంచెం మడమల వైపు జరపాలి, నడుము మాత్రం వెనక్కి వంగకూడదు. నేను ముందు రెండు పాదాల మీద నిలబడి కళ్లు మూసుకుంటాను. శరీరం ఎటు జారుతోందో తెలిశాక ఒంటికాలి మీద నిలబడతాను. తర్వాత ఒక చుట్టు పిరవెట్, అది కుదిరాకే రెండు చుట్లు. స్టేజీ చుట్టూ తిరుగుతూ చేసే మనేజ్ ఉంటే వెనక్కి వెళ్లేటప్పుడు ఎక్కుడు, ముందుకొచ్చేటప్పుడు దిగుడు. ఎక్కేటప్పుడు అడుగు పెద్దది చేయండి, దిగేటప్పుడు వేగాన్ని అదుపులో పెట్టుకోండి.

కొత్త స్టేజీ మీద ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకునే స్పేసింగ్ రిహార్సల్‌కు సమయం ఎప్పుడూ తక్కువే. పార్ట్‌నర్ నన్ను ఎత్తుకుని వింగ్స్‌లోకి, అంటే స్టేజీ పక్కన తెరల చాటుకు, తీసుకెళ్లే లిఫ్ట్ ఏదైనా ఉంటే, మేం ముందు చేసి చూసేది దాన్నే. వింగ్స్‌లో స్టాండ్ల మీద పక్క లైట్లు నిలబెట్టి ఉంటాయి. ఒక థియేటర్‌లో అక్కడ ధారాళంగా చోటుంటుంది, ఇంకో దాంట్లో పక్కనే గోడ. గాల్లోకి లేచి బయటికి దూకేవాళ్లు దిగాక ఆగడానికి ఎన్ని అడుగులున్నాయో పగలే చూసుకోవాలి. లైట్లు ఆరాక ఏమీ కనపడదు.

కాలివేళ్ల కొనల మీద నిలబడటానికి వేసుకునే పాయింట్ షూస్‌ను చెక్-ఇన్ బ్యాగులో వేయకండి. సూట్‌కేసు పోతే బట్టలు కొనుక్కోవచ్చు, మన పాదానికి అమరిన షూ ఆ సాయంత్రానికి దొరకదు. సంప్రదాయ పాయింట్ షూ ముందు భాగం గుడ్డ, కాగితం, జిగురు పొరలతో చేస్తారు. చెమటకు, వేడికి అది మెత్తబడుతుంది. బరువైన పాత్రయితే ఒక్క ప్రదర్శనకే ఒక జత అయిపోవచ్చు. తేమ ఎక్కువున్న చోట ఇంకా త్వరగా. అందుకే జతలు మార్చి మార్చి వాడతాను, ప్లాస్టిక్ కవర్లో కాకుండా జాలీ సంచిలో ఆరబెడతాను. రిబ్బన్లు, ఎలాస్టిక్ ప్రయాణంలోనే కుట్టేస్తాను. ప్రతి జత అట్ట మీద ఏ పాత్రకు వాడాలో రాసుకుంటాను. నెమ్మదిగా సాగే అడాజియోకు కాస్త మెత్తబడిన జత, ఒంటికాలి మీద వరుసగా తిరిగే ఫుయెటేలకు గట్టి జత.

రోజూ పొద్దున క్లాసు ఎగ్గొట్టకండి. పట్టుకుని సాధన చేసే కడ్డీ, అంటే బార్, లేకపోతే మెట్ల రెయిలింగ్ చాలు, కుర్చీ వీపు చాలు. ప్రయాణం చేసిన మర్నాడు నేను మడమలు, పిక్కలు వదులయ్యేదాకా మోకాళ్లు వంచి చేసే ప్లియేలు మామూలు కంటే ఎక్కువసేపు చేస్తాను, గెంతులు తగ్గిస్తాను.

ఇప్పుడు చెప్పేది ముఖ్యంగా అమ్మాయిలకు. టూర్‌లో సన్నబడటం చాలా సులువు, మెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు. నెలసరి ఆగిపోతే దాన్ని అలసట అనుకుని వదిలేయకండి. శరీరానికి అందే తిండి పడే శ్రమకు చాలకపోతే హార్మోన్లు తగ్గుతాయి, ఎముకలు పలచబడతాయి, పాదం ఎముకల్లో సన్నని పగుళ్లు వస్తాయి. వెంటనే డాక్టర్‌ను కలవండి. జ్వరం ఉన్నప్పుడు డాన్స్ చేయకండి. బ్యాలే ఎన్నడూ చూడని ఊళ్లకు కూడా దాన్ని మోసుకెళ్లిన ఆనా పావ్లోవా 1931 జనవరిలో హేగ్ నగరంలో, టూర్ మధ్యలోనే, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. అప్పటికి ఆమెకు 50 ఏళ్లు కూడా నిండలేదు. ఆవిడంటే నాకు ఎంత భక్తి ఉన్నా, ఒళ్లు బాగాలేని రోజు నా బదులు వేరే డాన్సర్‌ను పంపమనే అడుగుతాను.

ఇక కొరియోగ్రఫీ. డాన్స్ మానేశాక చూద్దాంలే అనుకోవద్దు. టూర్‌లో ఉండగానే మొదలుపెట్టాలి, ఎందుకంటే అంత మంచి బడి మళ్లీ దొరకదు. కోర్‌లో, అంటే గుంపుగా ఆడే బృందంలో, ఉన్నవాళ్లను ఇతరుల స్థానాలు కూడా నేర్చుకోమంటారు. విసుక్కోకుండా అన్నీ నేర్చుకోండి. పదహారు మంది ఎందుకు ఆ వరుసలో ఉన్నారో అప్పుడే అర్థమవుతుంది. మీ వంతు లేనప్పుడు బాల్కనీ చివరి వరుసలోకి వెళ్లి కూర్చోండి. ముందు వరుస నుంచి అందంగా కనిపించిన చేతి కదలిక అక్కడికి చేరుతోందా? వరుసల ఆకారం అక్కడి నుంచే స్పష్టంగా కనిపిస్తుంది.

మీరు కట్టే మొదటి నృత్యం ముక్క మూడు నిమిషాలు చాలు. క్లాసు అయ్యాక ఇంకో అరగంట ఉండగలిగే ఇద్దరు ముగ్గురు డాన్సర్లను అడగండి. ఎవరున్నారో వాళ్లతోనే చేయండి. కొరియోగ్రాఫర్ బాలంచీన్ 1934లో అమెరికాలో విద్యార్థులతో 'సెరెనేడ్' తయారుచేసినప్పుడు మొదటి రోజు 17 మంది అమ్మాయిలు వచ్చారు, 17 మందికే కట్టాడు. తర్వాత తక్కువ మంది వస్తే ఆ కొద్దిమందితోనే ముందుకు సాగాడు. ఒకమ్మాయి ఆలస్యంగా వచ్చింది, ఇంకో అమ్మాయి పడిపోయింది. రెండూ ఆ బ్యాలేలో ఉండిపోయాయి. రిహార్సల్‌కు సగం మంది రాలేదని నాకు టెన్షన్ వచ్చినప్పుడల్లా గుర్తు తెచ్చుకునేది ఈ సంగతే.

చాలా కంపెనీల్లో కొత్తవాళ్ల కోసం వర్క్‌షాప్ సాయంత్రాలుంటాయి, వాటికి పేరివ్వండి. తర్వాత పేరున్న కొరియోగ్రాఫర్లయిన నోయ్‌మాయర్, కిలియాన్, ఫోర్సైత్ ముగ్గురూ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో డాన్సర్లుగా ఉంటూ అక్కడి నోవేర్ సొసైటీ సాయంత్రాల్లో తమ తొలి ప్రయత్నాలు చూపించినవాళ్లే.

ముక్క కట్టేటప్పుడే అది ప్రయాణం చేయాలని గుర్తుంచుకోండి. నేను స్థానాలను మీటర్లలో చెప్పను. స్టేజీ మధ్య గుర్తు, మధ్యకూ అంచుకూ సగం దూరంలో ఉండే పావు గుర్తులు, పక్క డాన్సర్‌కు ఎంత దూరం అనేవే చెబుతాను. చిన్న స్టేజీ వచ్చినా ఆకారం చెడదు. సంగీతం హక్కులు రిహార్సల్ మొదలవకముందే తీసుకోండి. కంపెనీ సమయంలో కట్టిన నృత్యం ఎవరి సొంతమో కూడా ముందే కాగితం మీద ఉండాలి.

కట్టినదాన్ని రాసిపెట్టండి. పాత రష్యా కొరియోగ్రాఫర్ పెటిపా బ్యాలేలు పడమటి దేశాలకు చేరాయంటే, నికొలాయ్ సెర్గేయెవ్ రష్యా విప్లవం తర్వాత బయటికి తెచ్చిన స్టెపానోవ్ లిపి (డాన్స్ అడుగులను గుర్తులతో రాసే పద్ధతి) ప్రతులే అందుకు ఒక పెద్ద కారణం. మీకు లిపి రాకపోతే వీడియో చాలు, కానీ ముందు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. వీడియో చెప్పని వాటిని నోట్‌బుక్‌లో రాయండి: లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఎవరు ఏ వింగ్ నుంచి వస్తారు, ఏ అడుగు మార్చుకోవచ్చు, ఏది మార్చకూడదు. మీరు ఇంకో ఊళ్లో ప్రదర్శనలో ఉండగా మీ ముక్కను వేరేవాళ్లు ఆడాల్సి వస్తుంది, అప్పుడు రిహార్సల్ డైరెక్టర్‌కు ఆధారం ఆ నోట్‌బుక్కే. ఏ లైటు ఎప్పుడు మారాలో చెప్పే లైటింగ్ క్యూలు కూడా అందులోనే ఉండాలి. స్టేజ్ మేనేజర్ మారితే ముందు పోయేవి అవే.