మొదటి సోలో ట్రెక్‌కి ముందు: భుజాలు, కాళ్లు, నిద్ర, ఫోన్ - ఎక్కడ తేడా కొడుతుంది, ఎందుకు

కింద రాసినవన్నీ అసలు ట్రెక్‌కి ముందు చేసే ట్రయల్ నడకలో బయటపడే సమస్యలు. ట్రయల్ అంటే ఖాళీ బ్యాగుతో ఒక పూట తిరిగి రావడం కాదు. అసలు ట్రెక్‌లో మోయబోయే టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి, నీళ్లు అన్నీ వేసుకుని వరసగా రెండు రోజులు నడవాలి, మధ్యలో రాత్రి టెంటులోనే పడుకోవాలి. రెండో రోజు పొద్దున లేచాక ఒళ్లు ఎలా ఉందన్నదే అసలు ఫలితం.

అన్నిటికన్నా ముందు నిండు బ్యాగును తూచండి. దయచేసి ఈ ఒక్క పని వాయిదా వేయకండి. పది కిలోలుంటుందని చేత్తో ఎత్తి చెప్పిన బ్యాగు తూకంలో పద్నాలుగు తేలడం మామూలే, ఎందుకంటే ఆ అంచనాలో నీళ్లుండవు. లీటరు నీళ్లంటే కిలో బరువు. బాత్రూమ్ తూకం మీద బ్యాగు నిలవకపోతే, బ్యాగు వేసుకుని ఒకసారి, తీసేసి ఒకసారి ఎక్కి తేడా చూడండి. మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా ఉంటే మంచిది. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. దాటితే ముందు సామాను తగ్గించి, ఆ తర్వాతే కిందవి చదవండి.

సమస్య: గంట నడిచేసరికి భుజాలు కోసేస్తున్నాయి, మెడ పట్టేస్తోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

బరువు సరిగ్గానే ఉన్నా ఈ నొప్పి వస్తే, చాలామంది ఇంకా సామాను తీసేస్తారు. తర్వాత భుజం పట్టీల కింద స్పాంజి పెడతారు. చివరికి ఖరీదైన తేలిక టెంటు కొంటారు. రెండు కిలోలు తగ్గినా నొప్పి అలాగే ఉంటుంది. అసలు లోపం బ్యాగు వీపు పొడవులో, అంటే దాని భుజం పట్టీలకీ నడుం బెల్టుకీ మధ్య దూరంలో ఉంది.

నిండు బ్యాగు బరువులో ఎక్కువ భాగం నడుం బెల్టు ద్వారా తుంటి ఎముకల మీదికి దిగాలి. భుజం పట్టీల పని బ్యాగు వెనక్కి వాలిపోకుండా పట్టుకోవడం. మీ వీపు పొడవుకి బ్యాగు పొట్టిదైతే, పట్టీలు భుజాల మీద కూర్చోగానే బెల్టు పొట్ట మీదికి ఎక్కేస్తుంది. అక్కడ ఎముక లేదు కాబట్టి ఎంత బిగించినా నిలవదు, బరువంతా భుజాలదే. బ్యాగు పొడవు ఎక్కువైతే బెల్టు సరిగ్గానే కూర్చుంటుంది కానీ పట్టీలకీ భుజాలకీ మధ్య ఖాళీ వస్తుంది, బ్యాగు వెనక్కి లాగుతుంది. దాన్ని ఆపడానికి ముందుకి వంగి నడుస్తారు, మెడ పట్టేస్తుంది. మనిషి ఎత్తు చూసి బ్యాగు సైజు ఎంచుకోకూడదు. ఆరడుగుల వాళ్లకి పొట్టి వీపు, ఐదున్నర అడుగుల వాళ్లకి పొడుగు వీపు ఉండొచ్చు.

కొలవడం ఇలా. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకు వస్తుంది, అది పైగుర్తు. చేతులు నడుం మీద పెట్టుకుని బొటనవేళ్లు వెనక్కి ఉంచితే తుంటి ఎముకల పైఅంచు తగులుతుంది. బొటనవేళ్ల మధ్య వెన్ను మీద గీసినట్టు అనుకున్న గీత కింది గుర్తు. ఈ రెంటి మధ్య దూరాన్ని టేపుతో వెన్ను వంపు వెంబడే కొలవాలి. మీ బ్యాగు ఏ కొలతకి సరిపోతుందో తయారీదారు సైజుల పట్టికలో ఉంటుంది.

బిగించే వరస కూడా ముఖ్యం. పట్టీలన్నీ వదులు చేసి బ్యాగు వేసుకోండి. ముందు నడుం బెల్టు: దాని మెత్త పైఅంచు తుంటి ఎముక అంచుకి రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. తర్వాత భుజం పట్టీలు, వీపుకి ఆనేదాకా మాత్రమే. తర్వాత భుజాల మీద నుంచి బ్యాగు పైభాగానికి వెళ్లే చిన్న పట్టీలు, ఇవి సుమారు 45 డిగ్రీల వాలులో పైకి ఉండాలి. అడ్డంగానో కిందికో ఉంటే బ్యాగు వీపు పొడవు తక్కువైందని అర్థం. చివరగా ఛాతీ పట్టీ, ఊపిరి పట్టేయకుండా. బెల్టు బిగించాక రెండు మెత్తల చివర్ల మధ్య నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ లేకపోతే బెల్టే మీకు పెద్దది.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. దెబ్బ తినేది దీని తర్వాత. వీపు పొడవు మార్చుకునే వీలున్న బ్యాగుల్లో కొన్నిటికి భుజం పట్టీల పలక వెల్‌క్రోతో అతుక్కుని ఉంటుంది. ఇంట్లో ఖాళీ బ్యాగు మీద సరిగ్గా అమర్చుతారు. నిండు బ్యాగును ఒక్క భుజం పట్టీ పట్టుకుని ఎత్తినప్పుడల్లా ఆ వెల్‌క్రో ఒక పక్క కాస్త కాస్త ఊడి జారుతుంది. రెండో రోజుకి ఒక వైపు రెండు వేళ్లు దిగిపోయి ఉంటుంది. బయటికి ఏమీ కనబడదు, ఒక భుజం మాత్రమే నొస్తుంది. నలుగురితో నడిస్తే వెనకున్న వాళ్లెవరో బ్యాగు వంకరగా ఉందని చెబుతారు. ఒంటరిగా నడిచేటప్పుడు వీపు చూసేవాళ్లుండరు, అందుకే సోలో నడకలో ఇది రోజుల తరబడి దొరకదు.

పరిష్కారం: పలకను పూర్తిగా ఊడదీసి, దుమ్ము దులిపి, సరైన చోట పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. రెండు అంచుల దగ్గరా పలక మీద నుంచి బ్యాగు మీదికి మార్కర్‌తో చిన్న గీత గీయండి. రోజూ పొద్దున బ్యాగు సర్దే ముందు గీత విరిగిందేమో చూడండి. బ్యాగును ఎప్పుడూ పైనున్న చేతిపట్టు పట్టుకునే ఎత్తండి. నడక మొదలైన పావుగంటకి ఆగి బెల్టు మళ్లీ బిగించండి, ఎందుకంటే అప్పటికి మెత్త అణిగి ఉంటుంది. ఫోన్‌ని రాయి మీద నిలబెట్టి టైమర్‌తో పక్క నుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒక ఫోటో తీసుకోండి. ముప్పై సెకన్ల పని.

బ్యాగు దించాక కూడా చేయి బలహీనంగానో మొద్దుబారో ఉంటే నడక ఆపి డాక్టరుకి చూపించుకోండి. పట్టీ ఒత్తిడికి భుజం నరాలు దెబ్బతినడాన్ని రక్‌శాక్ పాల్సీ అంటారు. ఓర్చుకుని నడిస్తే పోయేది కాదు.

సమస్య: మొదటి రోజు బాగానే ఉంది, రెండో రోజు మడమల్లో, వేళ్ల మీద బొబ్బలు

గంటల తరబడి బరువుతో నడిస్తే పాదం ఉబ్బుతుంది. పొద్దున కాళ్లతో కొలిచిన బూటు సాయంత్రానికి ఇరుకవుతుంది. ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద ఉండే మెత్త) బయటికి తీసి, నడక అయ్యాక, నిండు బ్యాగుతో దాని మీద నిలబడండి. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, పాదం పక్కలకి పొర్లకూడదు. పొర్లితే బూటు మార్చాల్సిందే, సాక్సులు మార్చి లాభం లేదు. బూటు సరైనదై మడమ లేస్తుంటే, పై రెండు రంధ్రాల్లో లేసును చిన్న ఉచ్చులా వేసి ఎదుటి లేసును అందులోంచి లాగి కట్టండి. ఎక్కడైనా వెచ్చగా మంట అనిపించిన నిమిషంలోనే ఆగి టేపు వేయండి. మలుపు దాటాక చూద్దామంటే అప్పటికి బొబ్బ.

సమస్య: మంచి స్లీపింగ్ బ్యాగే, అయినా రాత్రంతా చలి

చలి ఏ వైపు నుంచి వస్తోందో చూడండి. వీపు, తుంటి చల్లబడితే అది నేల చలి. ఒంటి బరువుకి కింద బ్యాగు అణిగిపోతుంది, అణిగిన దూది వేడి పట్టదు. ఆ పని స్లీపింగ్ బ్యాగు కింద పరిచే చాపది. దాని ఆర్-వాల్యూ చూడండి, అంకె పెరిగేకొద్దీ నేల చలి తక్కువ. రెండు చాపలు వేస్తే ఆ విలువలు కూడతాయి. ఒళ్లంతా చలేస్తే బ్యాగు మీదున్న రెండు ఉష్ణోగ్రతల్లో 'కంఫర్ట్' (హాయిగా నిద్రపట్టే చలి) అంకెనే నమ్మండి, 'లిమిట్' (ఓర్చుకోగలిగే అంచు) కాదు.

సమస్య: మధ్యాహ్నానికే ఫోన్ ఖాళీ, మ్యాప్ తెరుచుకోదు

సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ మామూలుగా పనిచేస్తుంది. ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై ఆపి, దారి పొడవునా మ్యాప్‌ను పెద్దది చేసి చూడండి. పైనుంచి కనిపించి, దగ్గరికి వెళ్తే బూడిద రంగు గళ్లొస్తే ఆ భాగం డౌన్‌లోడ్ కాలేదు. చలి రాత్రుల్లో ఫోన్, పవర్ బ్యాంకు మీతోపాటే స్లీపింగ్ బ్యాగులో ఉండాలి.

సమస్య: అనుకున్న టైముకి ఏ రోజూ చేరడం లేదు

కిలోమీటర్లు మాత్రమే లెక్కేశారు, ఎక్కుడు వదిలేశారు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ మంచి మొదలు: ఐదు కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే నాలుగున్నర గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, బరువు లేదు. కొత్తవాళ్లు దీనికి సగం కలుపుకోండి.

అరుదుగా వచ్చేవి

బ్యాగు లోపల తడిస్తే పైకవర్‌ని నమ్మొద్దు, నీళ్లు వీపు వైపు నుంచి దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేయండి. గడ్డకట్టే చలిలో గ్యాస్ స్టవ్ వెలగకపోతే డబ్బాలో బ్యూటేన్ ఎక్కువుంది, అది సున్నా దగ్గర ఆవిరి కాదు. నీళ్ల ఫిల్టర్ ఒకసారి తడిగా గడ్డకడితే పారేయండి, పగిలిందో లేదో కంటికి తెలియదు.

ఒంటరిగా వెళ్తున్నందుకు ఒక్క అదనపు చెక్

నడిచే దారి, ప్రతి రాత్రి ఆగే చోటు, చివరి ఫోన్ ఎప్పటికి వస్తుంది, ఏ గంట దాటితే ఎవరికి కబురు పెట్టాలి - ఇవన్నీ కాగితం మీద రాసి ఒక మనిషి చేతిలో పెట్టండి. దారి మార్చితే వాళ్లకి చెప్పాకే మార్చండి. విజిల్ చేతికి అందేచోట ఉండాలి. ఆపదలో సాయం కోసం: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. చాలా బ్యాగులకి ఛాతీ పట్టీ బకిల్‌లోనే విజిల్ ఉంటుంది. మీ దానికుందేమో ఇప్పుడే చూసి, ఒకసారి ఊది, మోగుతోందో లేదో వినండి.