వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్: పెద్దవాళ్ళతో నాలుగు రాత్రుల ప్రైవేట్ టూర్ ఇలా ప్లాన్ చేసుకోండి

మా అమ్మానాన్నలు మ్యూనిక్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకున్నాను. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ పూర్తి శాకాహారి. బస్సు టూర్‌లో "ఇరవై నిమిషాల్లో అందరూ వచ్చేయాలి" అంటే నాన్న పరిగెత్తలేరు, పరిగెత్తలేకపోయానే అని ఆ రోజంతా బాధపడతారు. అందుకే మా ముగ్గురి కోసమే ప్రత్యేకంగా గైడ్‌ని పెట్టుకుని మూడు రాజధానులు చూశాం. ఇంట్లో పెద్దవాళ్ళతోనో, చిన్నపిల్లలతోనో వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ మూడే ఎందుకంటే, వియన్నా నుంచి బ్రాటిస్లావాకి కారులో దాదాపు 80 కిలోమీటర్లు, అంటే గంట ప్రయాణం. అక్కడి నుంచి బుడాపెస్ట్ సుమారు 200 కిలోమీటర్లు. మూడూ డాన్యూబ్ నది ఒడ్డునే ఉన్నాయి, 1918 వరకు మూడూ హాబ్స్‌బర్గ్ రాజవంశం కిందే ఉన్నాయి. చాలామంది దీనికి ప్రాగ్ కూడా కలుపుతారు. నా మాట వినండి, నాలుగు రాత్రుల్లో ప్రాగ్ కలపకండి. అది వేరే దిక్కు, కలిపితే సగం సమయం రోడ్డు మీదే పోతుంది, ఒక్క ఊరు కూడా మనసులో నిలవదు.

రాత్రులు ఇలా పంచుకోండి: వియన్నాలో రెండు, బుడాపెస్ట్‌లో రెండు, బ్రాటిస్లావా మధ్యలో దారిలో. విమానం వియన్నాలో దిగేలా, బుడాపెస్ట్ నుంచి ఎక్కేలా బుక్ చేసుకుంటే వెనక్కి రావాల్సిన పని ఉండదు. ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ మూడూ షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉన్నాయి కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలి, రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి, అంటే ఈ ప్లాన్‌లో ఆస్ట్రియాకి. వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ వేసవిలో స్లాట్లు దొరకడమే కష్టం కాబట్టి చివరిదాకా ఆగకండి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళైనా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళైనా ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే ఈ వీసా తీసుకోవాల్సిందే, అక్కడ ఉన్న కాన్సులేట్ ద్వారానే. దేశం నుంచి దేశానికి దాటేటప్పుడు కూడా పాస్‌పోర్టులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. షెంగెన్ అయినా దారిలో తనిఖీలు ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం, గైడ్. ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. అంతకుముందు వేరే ట్రిప్‌లో ఒక ఏజెన్సీ "ప్రైవేట్ టూర్" అని డబ్బులు తీసుకుని డ్రైవర్‌ని మాత్రమే పంపింది. ఆయన మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు, కానీ ప్రతి చోటా గేటు దగ్గర దింపి "గంటలో వస్తాను" అని వెళ్ళిపోయేవాడు. లోపల ఏముందో, ఎందుకుందో చెప్పే మనిషి లేడు. నాన్న గోడల మీద బొమ్మలు చూసి "ఈయనెవర్రా?" అని అడుగుతుంటే నేను ఫోన్‌లో వెతుక్కుంటూ నిలబడ్డాను. అందుకే డబ్బు కట్టేముందు ఒకటే ప్రశ్న సూటిగా అడగండి: వచ్చేది డ్రైవరా, లైసెన్స్ ఉన్న గైడా, లేక రెండూ ఒకరేనా? ఆస్ట్రియాలో గైడ్ అంటే పరీక్ష పాసై లైసెన్స్ తీసుకోవాల్సిన వృత్తి. హంగరీలో కూడా గైడ్‌కి కార్డు ఉంటుంది. చూపించమని అడగడంలో తప్పేమీ లేదు, నిజమైన గైడ్లు సంతోషంగా చూపిస్తారు.

రెండో విషయం, నాలుగు రోజులకీ ఒకే గైడ్ అవసరం లేదు. ఒకే మనిషిని మూడు దేశాలూ తిప్పితే ఆయన తిండి, హోటల్, తిరుగు ప్రయాణం అన్నీ మీ లెక్కలోనే పడతాయి. పైగా కారు వెళ్తున్న గంటలకి కూడా గైడ్ ధర కడతారు. నేను చేసింది ఏమిటంటే, వియన్నాలో ఆ ఊరి గైడ్‌ని నాలుగు గంటలకి, బుడాపెస్ట్‌లో ఆ ఊరి గైడ్‌ని నాలుగు గంటలకి, మధ్య రోజు కారుతో పాటు డ్రైవర్‌ని, బ్రాటిస్లావాలో రెండు గంటలకి మాత్రం స్థానిక గైడ్‌ని మాట్లాడుకున్నాను. నడిచే గైడ్ల ధర సాధారణంగా మనిషికి కాదు, మొత్తం గుంపుకి. ముగ్గురున్నా ఆరుగురున్నా ఒకటే అయినప్పుడు, ఇంకో కుటుంబాన్ని కలుపుకుంటే ఖర్చు సగమవుతుంది.

కారు మాట్లాడుకునేటప్పుడు కొటేషన్‌లో ఇవన్నీ ఉన్నాయో లేదో రాయించుకోండి: మూడు దేశాల హైవే టోల్ పాసులు (విన్యెట్ అంటారు, మూడింటికీ వేరువేరుగా కొనాలి), పార్కింగ్, డ్రైవర్ ఖాళీగా వియన్నాకి తిరిగి వెళ్ళే ఖర్చు, గంట ఆలస్యమైతే ఎంత, ముందురోజు రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుంది. ఇద్దరే ఉండి నడవగలిగితే కారు మానేసి రైలు ఎక్కండి. వియన్నా నుంచి బ్రాటిస్లావా రైల్లో గంట, అక్కడి నుంచి బుడాపెస్ట్ రెండున్నర గంటలు. వేసవిలో వియన్నా నుంచి బ్రాటిస్లావాకి నది మీద వేగంగా వెళ్ళే పడవ కూడా ఉంది, పిల్లలకి అదే బాగా నచ్చుతుంది. మాకు మాత్రం నాన్న కోసం కారే తప్పలేదు.

గైడ్‌కి ముందుగానే ఒక మెయిల్ రాయండి, అందులో మొహమాటం వద్దు. ఎవరు ఎంతసేపు నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎంతసేపటికి ఒకసారి టాయిలెట్ కావాలి, ఏం తినరు, ఏది చూడాలని ఉంది. నేను "నాన్న ఒకేసారి పదిహేను నిమిషాలకి మించి నడవలేరు, కూర్చోవడానికి చోటు కావాలి" అని రాస్తే, వియన్నా గైడ్ దారి మొత్తాన్ని బెంచీల లెక్కన మార్చేసింది. అంత పెద్ద ఊళ్ళో నాన్న ఆ రోజు ఒక్కసారి కూడా "ఇక చాలమ్మా" అనలేదు.

ఆ మెయిల్‌లోనే నేను ఇంకో కోరిక రాశాను, మా టూర్‌ని నిలబెట్టింది అదే. మూడు ఊళ్ళకి మూడు వేరువేరు కథలు వద్దు, ఒకే మనిషి కథ చెప్పండి అన్నాను. ఆ మనిషి మరియా థెరిసా, పద్దెనిమిదో శతాబ్దంలో హాబ్స్‌బర్గ్ రాజ్యాలని ఏలిన మహారాణి. వియన్నాలో ఆమె వేసవి నివాసం షోన్‌బ్రున్ ప్యాలెస్ చూస్తారు. బ్రాటిస్లావాలో ఆమెకి హంగరీ పాలకురాలిగా పట్టాభిషేకం జరిగిన సెయింట్ మార్టిన్ కెథీడ్రల్ చూస్తారు, అది 1741లో. బుడాపెస్ట్ పార్లమెంట్‌లో ఆ రోజు ఆమె తల మీద పెట్టిన కిరీటాన్నే కళ్ళారా చూస్తారు. హంగరీ రాజుల పట్టాభిషేకం ఇప్పటి స్లొవేకియాలో ఎందుకు జరిగిందంటే, 1541లో బుడా (ఇప్పటి బుడాపెస్ట్‌లో ఒక భాగం) తుర్కుల చేతికి వెళ్ళిపోయింది, దాంతో 1563 నుంచి 1830 వరకు ఎక్కువగా బ్రాటిస్లావాలోనే కిరీటం పెట్టారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మూడు ఊళ్ళూ ఒకే ఇంటి గదుల్లా అనిపిస్తాయి. అమ్మ మూడో రోజు బ్రాటిస్లావా చర్చి శిఖరం మీద బంగారు పూత కిరీటాన్ని చూసి, గైడ్ చెప్పకముందే "అదేనా ఆవిడది?" అంది. ప్రైవేట్ గైడ్‌కి కట్టిన డబ్బు అక్కడే వసూలైందనుకున్నాను.

వియన్నాలో మొదటి రోజు గైడ్ వద్దు. ప్రయాణ బడలికలో ఎవరు ఏం చెప్పినా తలకెక్కదు. సాయంత్రం ట్రామ్ ఎక్కి రింగ్ రోడ్డు మీద కూర్చుని తిరగండి, పాత కోటగోడలు కూల్చి వేసిన ఆ రోడ్డు మీదే ఒపెరా, పార్లమెంట్, మ్యూజియాలు అన్నీ కనబడతాయి. రెండో రోజు పొద్దున్నే గైడ్‌తో షోన్‌బ్రున్. దాంట్లో 1,441 గదులున్నాయి, చూపించేది నలభై వరకే, అవైనా అన్నీ చూడక్కర్లేదు. టికెట్ మీద ఉన్న టైమ్‌కే లోపలికి పంపుతారు కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, గైడ్ కొంటారా మీరు కొనాలా అన్నది ముందే తేల్చుకోండి. తోట ఉచితం. కొండ మీది గ్లోరియెట్ అనే కట్టడం దాకా నడవలేనివాళ్ళకి తోటలో చిన్న బండి తిరుగుతుంది. మధ్యాహ్నం స్టెఫాన్స్‌డోమ్ చర్చి చూడండి, దక్షిణ గోపురానికి 343 మెట్లున్నాయి, ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది. రోజుకి ఇలాంటి పెద్దవి రెండు చాలు. మిగతా సమయం కాఫీ హౌస్‌లో కూర్చోండి, ఒక్క కాఫీ తీసుకుని ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. వియన్నా కుళాయి నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి, సీసా నింపుకుని హాయిగా తాగొచ్చు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, కొనాల్సినవి శనివారమే కొనుక్కోండి.

మీకు ప్రత్యేకంగా ఇష్టమైన విషయం ఉంటే అదీ చెప్పండి. సుభాష్ చంద్రబోస్ 1933లో వైద్యం కోసం వియన్నా వచ్చారు, తర్వాత ఆయన జీవిత సహచరి అయిన ఎమిలీ షెంకెల్‌ని కలిసింది కూడా ఆ ఊళ్ళోనే. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లోనే పుట్టారు. ఇలాంటివి మామూలు టూర్‌లో రావు, వారం ముందు అడిగితే గైడ్లు చదువుకుని మరీ వస్తారు.

మూడో రోజు తొమ్మిదికల్లా బయల్దేరండి. బ్రాటిస్లావాలో డ్రైవర్‌ని నేరుగా కోట పైకి తీసుకెళ్ళమనండి, కింద నుంచి ఎక్కితే పెద్దవాళ్ళకి కష్టం. 1811లో కాలిపోయి చాలా ఏళ్ళు శిథిలంగా ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ కట్టిన కోట అది. లోపలికి వెళ్ళకపోయినా పర్వాలేదు, పైనుంచి నది, వంతెన చూసి దిగిపోండి. పాత ఊళ్ళో కార్లు తిరగవు, అంతా రాళ్ళు పరిచిన వీధులు, మడమ ఎత్తు చెప్పులు అస్సలు వద్దు. కెథీడ్రల్, మైఖేల్ గేటు, మ్యాన్‌హోల్‌లోంచి తల బయటపెట్టి చూసే చుమిల్ అనే కంచు విగ్రహం, ఇవన్నీ దగ్గర దగ్గరే. రెండు గంటలు సరిపోతాయి. భోజనం అక్కడే కానిచ్చి బయల్దేరితే సాయంత్రానికి బుడాపెస్ట్ చేరతారు.

తిండి గురించి శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. "వెజిటేరియన్" అని చెప్తే చాలదు. మాంసం ఉడకబెట్టిన నీళ్ళతో చేసిన సూప్ వద్దు, పంది కొవ్వు వద్దు, చేపలు వద్దు, గుడ్డు తింటారో తినరో కూడా విడిగా చెప్పాలి. స్లొవేకియాలో బ్రిండ్జోవే హలుష్కీ అని బంగాళదుంప పిండి ముద్దలు గొర్రె పాల చీజ్‌తో ఇస్తారు, బాగుంటుంది, కానీ పైన వేయించిన పంది మాంసం ముక్కలు చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. హంగరీలో లాంగోష్ మన పెద్ద పూరీలా ఉంటుంది, వెల్లుల్లి రాసి వేడిగా ఇస్తారు, అమ్మకి అదే ఆధారమైంది. గైడ్ చేత ఈ లిస్టుని జర్మన్‌లో, హంగేరియన్‌లో ఒక కాగితం మీద రాయించుకుని హోటల్లో వెయిటర్‌కి చూపించండి, ఎంతో టెన్షన్ తగ్గుతుంది.

డబ్బు విషయం, ఆస్ట్రియాలో, స్లొవేకియాలో యూరోలు, హంగరీలో ఫోరింట్లు. ఏటీఎం దగ్గరగానీ, దుకాణంలోగానీ "మీ సొంత కరెన్సీలో తీసుకోమంటారా" అని స్క్రీన్ మీద వస్తే వద్దని స్థానిక కరెన్సీనే ఎంచుకోండి, లేకపోతే మారకం రేటులో నష్టపోతారు. టాయిలెట్లకి చిల్లర దగ్గర ఉంచుకోండి.

బుడాపెస్ట్‌లో గైడ్‌ని పొద్దున పెట్టుకుని ముందు బుడా కొండ మీది కోట వైపు వెళ్ళండి. కొండ పైకి అన్ని కార్లనీ రానివ్వరు, 1870 నాటి తాడు రైలు ఉంది, గైడ్‌కి అన్ని దారులూ తెలుసు. మథియాస్ చర్చి, పక్కనే ఫిషర్‌మెన్స్ బాస్టియన్ అనే బురుజు చూసి కిందికి దిగి చైన్ బ్రిడ్జి దాటితే పెస్ట్. బుడా, ఓబుడా, పెస్ట్ అనే మూడు ఊళ్ళు 1873లో కలిసి ఒక్క ఊరయ్యాయి. పార్లమెంట్ లోపలికి మాత్రం వాళ్ళు ఇచ్చిన టైమ్‌కి, వాళ్ళ గుంపుతోనే వెళ్ళాలి, మీ గైడ్ కథంతా బయటే చెప్పేయాలి. టికెట్లు వారాల ముందే అయిపోతాయి, విమానం టికెట్ తర్వాత కొనాల్సిన మొదటి టికెట్ ఇదే. యూరోపియన్లకన్నా మనకి ధర ఎక్కువ. కిరీటం పైన శిలువ కొంచెం వంగి ఉంటుంది, గమనించండి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా చేతికి వెళ్ళి 1978లో తిరిగొచ్చిన కిరీటం అది, అక్కడ ఫోటోలు తీయనివ్వరు. పార్లమెంట్‌కి దగ్గర్లోనే ఒడ్డున ఇనుప బూట్లు వరుసగా ఉంటాయి, యుద్ధకాలంలో యూదులని నది అంచున నిలబెట్టి కాల్చేసిన చోటు. అక్కడ గైడ్‌ని రెండు మాటలే చెప్పమని, తర్వాత కాసేపు ఊరికే నిలబడనివ్వమని అడగండి.

సెచెనీ వేడినీళ్ళ స్నానాలకి వెళ్ళాలంటే ఈత దుస్తులు, రబ్బరు చెప్పులు ఇంటి నుంచే తెచ్చుకోవాలి, పిల్లల వయసు నిబంధన ముందే కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నిజంగా హాయిగా ఉంటుంది. నాన్న గంటసేపు బయటికి రానన్నారు.

ఆఖరి సాయంత్రానికి గైడ్‌ని పెట్టుకోకండి, మధ్యాహ్నమే పంపించేయండి. చీకటి పడేముందు మెట్రో రెండో లైన్‌లో బత్యానీ టేర్ స్టేషన్‌లో దిగి నది గట్టు మీద చోటు చూసుకుని కూర్చోండి. పార్లమెంట్ సరిగ్గా ఎదురుగా ఉంటుంది, దీపాలు వెలిగాక భవనమంతా నీళ్ళలో కనబడుతుంది. ఒక శాలువా తీసుకెళ్ళండి, వేసవిలో కూడా నది గాలి చల్లగా ఉంటుంది.