ఈబీటీ కార్డుతో ఇంటికే సరుకులు, భోజనం: మా పెద్దమ్మకు ఎలా కుదిర్చానంటే

మా పెద్దమ్మకు డెబ్బై ఆరేళ్లు. న్యూజెర్సీలో ఒక సీనియర్ అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పెదనాన్న పోయాక కారు అమ్మేసింది. మోకాలి ఆపరేషన్ తర్వాత బస్సెక్కి పాలగ్యాలను, బియ్యం మోసుకురావడం ఆవిడ వల్ల కావట్లేదు. నేనుండేది గంట దూరంలో.

స్నాప్‌కి, అంటే తక్కువ ఆదాయమున్నవాళ్లకు తిండి కొనుక్కోవడానికి గవర్నమెంటు ఇచ్చే సాయానికి (మనవాళ్లు ఫుడ్ స్టాంపులు అనేదానికి), అప్లై చేద్దామంటే "ఈ వయసులో గవర్నమెంటు దగ్గర చెయ్యి చాపమంటావేంటే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పన్నెండేళ్లు డే కేర్‌లో పిల్లల్ని సాకి, ప్రతి జీతంలోంచీ టాక్స్ కట్టిన మనిషి. ఇది నీకు రావాల్సిందేనని ఒప్పించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్లూ ఇలాగే అంటే ఆ రెండు ఆదివారాలు ఓపికగా కూర్చోండి.

పెద్దమ్మ సిటిజన్ కాబట్టి చిక్కు రాలేదు. పిల్లలు స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీదున్న పెద్దలకు మామూలుగా ఐదేళ్లు ఆగాలన్న నిబంధన ఉంటుంది, స్పాన్సర్ ఆదాయం కూడా లెక్కలోకి వస్తుంది. ముందు కౌంటీ సోషల్ సర్వీసెస్‌లో అడిగి, ఆ తర్వాతే అప్లై చేయండి. అరవై దాటినవాళ్ల మందులు, కోపేలు (ఇన్సూరెన్స్ పోగా డాక్టరు దగ్గర మనం కట్టేవి) నెలకు 35 డాలర్లు మించితే ఆ పైమొత్తాన్ని ఆదాయంలోంచి తీసేసి చూస్తారు. అందుకని మందుల షాపు రసీదులన్నీ ఒక కవర్లో వేసి ఉంచండి.

ఆవిడకు నెలకు 95 డాలర్లు వస్తున్నాయి. ఆ డబ్బు ఈబీటీ అనే, డెబిట్ కార్డులాంటి కార్డులో పడుతుంది. న్యూజెర్సీలో అర్హత ఉన్న ఇంటికి అంతకన్నా తగ్గించరు. చాలా రాష్ట్రాల్లో ఒకరిద్దరే ఉన్న ఇంటికి కనీస మొత్తం పాతిక డాలర్ల లోపే.

ఇక డెలివరీ. ఇక్కడ అందరూ తడబడేది ఒక్కచోటే. ఈబీటీ కార్డు తిండికి డబ్బు కడుతుంది, దాన్ని ఇంటికి తెచ్చిపెట్టడానికి కట్టదు. డెలివరీ ఫీజు, సర్వీస్ ఫీజు, డ్రైవర్ టిప్, సంచి ఖర్చు, ఇవన్నీ మన జేబులోంచే. కాబట్టి అకౌంట్‌లో ఈబీటీతో పాటు ఒక డెబిట్ కార్డు కూడా పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఈబీటీ వాడకం 2019లో న్యూయార్క్‌లో మొదలై ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. వాల్‌మార్ట్, అమెజాన్ తీసుకుంటాయి. ఆల్డీ స్టోర్ సరుకులు ఇన్‌స్టాకార్ట్ అనే డెలివరీ యాప్ ద్వారా తెప్పించుకోవచ్చు.

నేను లెక్కలు వేసి వాల్‌మార్ట్ ఎంచుకున్నాను. ఈబీటీ ఉన్నవాళ్లకు వాళ్ల సభ్యత్వం సగం ధరకే వస్తుంది. నేను చేర్పించినప్పుడు నెలకు 6.47 డాలర్లు. ఆర్డరు 35 డాలర్లు దాటితే డెలివరీ ఫీజు ఉండదు. అమెజాన్ కూడా ఇలాగే ప్రైమ్‌ను 6.99కి ఇస్తోంది. రెండూ తీసుకోకండి, ఒకటి చాలు. నెలకు రెండే ఆర్డర్లు పెట్టండి, ఒక్కోటి 40 డాలర్ల పైన ఉండేలా. చిన్న చిన్న ఆర్డర్లు పెడితే టిప్పులకే డబ్బంతా పోతుంది. కారున్న పక్కింటివాళ్లెవరైనా ఉంటే పికప్ పెట్టుకోండి, అంటే ఆర్డరును స్టోర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకోవడం. 35 దాటితే దానికి సభ్యత్వం కూడా అక్కర్లేదు.

కందిపప్పు, సోనా మసూరి మాత్రం ఇండియన్ స్టోర్ నుంచే. కౌంటర్లో ఈబీటీ తీసుకునే షాపులు చాలానే ఉన్నాయి కానీ, ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే వాటికి వేరే అనుమతి ఉండాలి. కార్ట్ నింపకముందే అడగండి. మేం రెండు నెలలకోసారి కలిసి వెళ్తాం. పోయిన ఏప్రిల్లో పెద్దమ్మ అక్కడ పుదీనా మొక్క కొంది, కార్డు మీదే. తినడానికి పండించుకునే మొక్కలకు, విత్తనాలకు స్నాప్ చెల్లుతుంది. సబ్బులకు, విటమిన్ మాత్రలకు, వేడివేడిగా అమ్మే కూరలకు చెల్లదు.

ఆర్డరు పెట్టేటప్పుడు ప్రతి వస్తువు దగ్గరా "బదులు వేరేది వద్దు" అని నొక్కండి. మొదట్లో ఒక స్టోర్ నుంచి ప్లెయిన్ పెరుగుకి బదులు వెనిలా పెరుగు వచ్చింది. డబ్బా ఒకేలా ఉండేసరికి పెద్దమ్మ చూసుకోకుండా గిన్నెడన్నంలో కలిపి, ఉప్పేసి, మాగాయ ముక్క నంజుకుని నోట్లో పెట్టుకుంది. అన్నమంతా పారబోసి ఆ పూట పస్తు పడుకుంది. తప్పు వస్తువు వస్తే ఆ రోజే ఫోటో తీసి యాప్‌లో రిఫండ్ అడగండి. ఈబీటీతో కట్టిన డబ్బు మళ్లీ ఈబీటీలోకే వస్తుంది.

వండుకునే ఓపిక లేనివాళ్లకు మీల్స్ ఆన్ వీల్స్ ఉంది. అరవై దాటి ఇల్లు కదల్లేనివాళ్లకు మధ్యాహ్న భోజనం ఇంటికి తెచ్చిస్తారు. ఫెడరల్ నిధులతో నడిచే చోట్ల ఇంత ఇవ్వండని సూచిస్తారే తప్ప, ఇవ్వలేదని భోజనం ఆపకూడదు. కొన్నిచోట్ల ఆ విరాళం ఈబీటీతోనే ఇవ్వొచ్చు. 1-800-677-1116, ఎల్డర్‌కేర్ లొకేటర్, ఆ నంబరుకు ఫోన్ చేసి జిప్ కోడ్ చెబితే మీ దగ్గరి ఆఫీసు వివరాలిస్తారు. వెయిటింగ్ లిస్ట్ ఉండొచ్చు, కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే ఫోన్ చేయండి. శాకాహారులైతే గుడ్డు, చేపల సంగతి విడిగా చెప్పండి. పెద్దమ్మకు వచ్చే ట్రేలో ఉడకబెట్టిన బీన్స్, మెదిపిన బంగాళాదుంప, బ్రెడ్డు, చిన్న పాల డబ్బా ఉంటాయి. ఆ బీన్స్‌కి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టుకుని తృప్తిగా తింటుంది. తెచ్చే ఆయన తలుపు తీసేదాకా ఆగి, ఎలా ఉన్నారని అడిగి వెళ్తాడు. గంట దూరంలో ఉన్న నాకు ఆ పలకరింపు తిండంత విలువైనది.

కార్డు జాగ్రత్త. స్వైప్ మెషీన్లలో దొంగ పరికరాలు పెట్టి డబ్బు లాగేస్తున్నారు. పోయిన మొత్తాన్ని ఫెడరల్ నిధులతో తిరిగివ్వడం 2024 డిసెంబర్ 20తో ఆగిపోయింది. నెల డబ్బు పడే ముందు పిన్ మార్చుకోండి. 1234, పుట్టిన సంవత్సరం పెట్టకండి, యాప్‌లో దాచకండి, ఫోన్ చేసి అడిగినవాళ్లెవరికీ చెప్పకండి. ప్రతి ఆర్డరుకూ పిన్ కొట్టాల్సిందే. మేం వీడియో కాల్‌లో కలిసి ఆర్డరు పెడతాం. చివర్లో పిన్ కొట్టే చోటుకు రాగానే పెద్దమ్మ "కాస్త అటు తిరుగు" అంటుంది. నేను అటు తిరుగుతాను.