జిప్పు వాడే తీసుకుంటాడు: పిల్లల పక్కన కూర్చునే ఉద్యోగం గురించి

బడిలో వైకల్యం ఉన్న పిల్లల పక్కన కూర్చుని సాయం చేసేవాళ్లని ఎయిడ్ అంటారు. ఈ పనిలో చేరిన మొదటి ఏడాది నా అంత మంచి ఎయిడ్ లేదనుకునేదాన్ని. నేను చూసుకునే బాబు నోట్సు ఎప్పుడూ పూర్తయ్యేది, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఉండవా మరి, చెయ్యి పట్టుకుని రాయించింది నేనే కదా! ఒకసారి జ్వరమొచ్చి రెండు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చి చూస్తే ఆ రెండు రోజుల పేజీలూ ఖాళీ. "పుస్తకం తియ్యమంటే మీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాడండీ" అన్నారు క్లాస్ టీచర్. బ్యాగు జిప్పు కూడా తియ్యలేదట.

అందుకే కొత్తగా చేరేవాళ్లకి నేను మొదట చెప్పేది కుర్చీ సంగతి. పిల్లాడికి ఆనుకుని కూర్చోకండి. కొంచెం వెనగ్గా, ఒక పక్కగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో చాలు. మధ్యమధ్యలో లేచి వేరే పిల్లల పుస్తకాలు కూడా చూడండి. లేకపోతే మీరు "వాడి మిస్" అయిపోతారు, తోటిపిల్లలు వాడితో మాట్లాడాల్సింది కూడా మీకే చెబుతారు. అమెరికాలో మైఖేల్ జియాంగ్రెకో, ఆయన సహచరులు 1997లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఎయిడ్ అస్తమానం అంటిపెట్టుకుని ఉంటే తోటిపిల్లలు దూరమవుతున్నారు, పిల్లాడు పెద్దవాళ్ల మీద ఆధారపడుతున్నాడు, టీచరేమో వాడి చదువు ఎయిడ్ చూసుకుంటుందిలే అనుకుంటున్నారు అని అందులో రాశారు. చదువుతుంటే నా గురించే రాసినట్టనిపించింది.

రెండోది ఆగడం. "పెన్సిల్ తియ్యి" అని చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి. పది అంకెలు చాలా పొడుగు, నిజంగా. నాలుగు దగ్గరే నోరు తెరుచుకుంటుంది, ఆరు దగ్గర చెయ్యి ముందుకెళ్తుంది. ఆపుకోండి. మాట విని, అర్థం చేసుకుని, చెయ్యి కదిలించడానికి కొందరు పిల్లలకి అంత టైమూ కావాలి. మళ్లీ చెప్పాల్సి వస్తే మొదటిసారి అన్న మాటలే అనండి. "పెన్సిల్ ఎక్కడుంది? రాసుకుందామా? తీసుకో నాన్నా" అంటూ మాట మార్చారంటే వాడికి అది ఇంకో కొత్త పని, మళ్లీ మొదటి నుంచి వినాలి.

పదయ్యాక కూడా కదలకపోతే సాయం చిన్నదానితో మొదలెట్టండి. ముందు కళ్లతో పెన్సిల్ వైపు చూడండి, తర్వాత వేలు చూపించండి, తర్వాత బొమ్మ కార్డు, తర్వాత ఒక్క మాట, తర్వాత మీరు చేసి చూపించడం. చెయ్యి పట్టుకోవడం అన్నిటికంటే ఆఖరు, అది కూడా "చెయ్యి పట్టుకోనా?" అని అడిగాకే. కొత్త పని నేర్పేటప్పుడు మాత్రం స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచర్, ఈ వరసని తిరగేయమనొచ్చు, ముందు ఎక్కువ సాయంతో మొదలెట్టి మెల్లగా తగ్గించడానికి. ఆవిడ ఏం చెబితే అదే చెయ్యండి, ప్లాన్ ఆవిడది.

ఆ జిప్పు నేర్పించింది అలాగే. జిప్పు అంతా నేనే లాగి చివరి రెండంగుళాలు వదిలేసేదాన్ని. ఆ రెండంగుళాలూ వాడు లాగితే చాలు, జిప్పు తీసింది వాడే. తర్వాత సగం నుంచి. పిడి చిన్నదై వేళ్లకి దొరకట్లేదని దానికి ఒక కీ రింగు తగిలించాను. మూడు నెలలకి కాబోలు, నేను వంగేలోపే జిప్పు శబ్దం వినిపించింది. ఇలా చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పితే పిల్లాడు ప్రతిసారీ పని "అయిపోయింది" అన్న దగ్గర ఆగుతాడు. బూట్లకీ, బటన్లకీ, చేతులు కడుక్కోవడానికీ ఇదే పద్ధతి. మెచ్చుకునేటప్పుడు ఉత్త "గుడ్ బాయ్" వద్దు. "జిప్పు నువ్వే తీశావు" అనండి, దేనికి మెచ్చుకున్నారో తెలుస్తుంది.

ఇక కేకలు, కొట్టడం, కింద పడి దొర్లడం. అందరూ భయపడేది దీనికే, నాకూ ఇప్పటికీ టెన్షనే. ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. మూడు గడులు: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. టైము తప్పకుండా రాయండి. "మొండికేశాడు" అని రాయకండి, "టేబుల్ కిందకి వెళ్లి చెవులు మూసుకున్నాడు" అని రాయండి. ఒక పాప రోజూ లెక్కల పీరియడ్‌లో ఏడ్చేది. లెక్కలంటే భయమని అందరం తీర్మానించేశాం. రెండు వారాల నోట్సు ముందేసుకుని చూస్తే ఏడుపు ఎప్పుడూ పీరియడ్ ఆఖరి మూడు నాలుగు నిమిషాల్లోనే. పాప గోడ గడియారం చూస్తోంది. బడి గంట మా గది తలుపు పైనే ఉంది, దాని మోతకే భయం! లెక్కలకీ ఏడుపుకీ సంబంధమే లేదు. గంట మోగేముందే కార్డు చూపించి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి, గది అవతలి చివరికి తీసుకెళ్లడం మొదలెట్టాం. ఏడుపు ఒక్కరోజులో పోలేదు గానీ, నెలయ్యేసరికి వారానికొకసారికి దిగింది.

ఏడుపు నడుస్తుండగా పాఠాలు చెప్పకండి, "ఎందుకిలా చేస్తున్నావు" అని అడగకండి. ఆ సమయంలో ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. చుట్టూ ఉన్న కుర్చీలూ, చూస్తున్న పిల్లలూ పక్కకి జరగాలి. మీరు దగ్గర్లో, ఎదురుగా కాకుండా పక్కన, కిందికి కూర్చోండి. తగ్గాక నీళ్లు, కాసేపు ఖాళీ. వెంటనే పుస్తకం తియ్యమనకండి.

మాటలు రాని పిల్లల దగ్గర కార్డులు వాడతారు. బొమ్మ చేతికిచ్చి వస్తువు అడిగే పెక్స్ పద్ధతి 1985లో వచ్చింది. కార్డులు అలవాటైతే మాట రాదేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. అలా మాట ఆగిపోతుందని పరిశోధనల్లో తేలలేదు. మనం చేసే తప్పు వేరే ఉంది: కార్డులు బీరువాలో పెట్టి, "కావాలంటే అడగనీ" అనడం. అడగాల్సిన నోరే బీరువాలో ఉందాయె. "వద్దు", "ఆపు" కార్డులు కూడా అందులో ఉండాలి. పిల్లాడు "వద్దు" చూపిస్తే కనీసం ఒక్క నిమిషమైనా ఆగండి.

కొన్ని చిన్న సంగతులు. చక్రాల కుర్చీని చెప్పకుండా తొయ్యకండి. పిల్లల్ని దింపేముందు రెండు బ్రేకులూ వేసి, కాళ్ల పలకలు మడవండి. బాత్రూమ్‌లో ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నారో చెప్పండి, అక్కడి నియమాలు మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి. పక్కకి తిప్పి, తల కింద మెత్తటిదేదైనా పెట్టండి. గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో చెంచా కాదు కదా ఏదీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, వెంటనే ఇంకోటి వచ్చినా అంబులెన్స్ పిలవాలి.

సాయంత్రం గేటు దగ్గర అమ్మానాన్నలకి ఆ రోజు చేసిన తప్పులన్నీ అప్పజెప్పకండి, వెనకాల ఇంకో పదిమంది నిలబడి వింటుంటారు. చెప్పాల్సింది ఉంటే విడిగా, టీచర్‌తో కలిసి చెప్పండి. పిల్లాడు పక్కనే ఉన్నాడని, వింటున్నాడని మర్చిపోకండి. మాట రాకపోతే వినపడదనుకునేవాళ్లు ఎంతమందో.

ఇక ఆ జ్వరం తర్వాత నేను మొదలుపెట్టిన పని. నేను రాని రోజు నా కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం ఒక్క కాగితం రాసి టీచర్ సొరుగులో ఉంచుతాను, నెలకోసారి మారుస్తాను. ఏ శబ్దం పడదు, ఏ కార్డు ఎక్కడుంది, బాత్రూమ్ కావాలంటే ఎలా చూపిస్తాడు, ఎవరితో ఆడుకుంటాడు. ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు. మొదటి కాగితంలో అన్నీ నేను చేసేవే రాశాను, మీరు ఇది చెయ్యండి, అది చెయ్యండి అని. ఇప్పుడు పై వరసలో ఎర్ర సిరాతో ఇది ఉంటుంది: "బ్యాగు జిప్పు వాడే తీసుకుంటాడు. టైము పడుతుంది. ముట్టుకోకండి."