మాడ్‌కు డబ్బు తీసుకోవాలనుకుంటే

మాడ్ అంటే కంప్యూటర్ ఆటకు ఆటగాళ్లు సొంతంగా చేసి కలిపే అదనపు భాగం. దాని ధర గురించి ఆలోచించే ముందు మీ మాడ్ ఫోల్డర్ తెరిచి కూర్చోండి. అందులో ఏది మీది, ఏది కాదు?

నేను ద సిమ్స్ 4 ఆటకు కుర్చీలు, అలమారాలు, దీపాలు తయారుచేస్తాను. మొదటిసారి డబ్బు తీసుకుందామనుకున్నప్పుడు నోటుపుస్తకంలో మూడు గళ్లు గీశాను: ఫైలు పేరు, చేసినవారు, వారిచ్చిన అనుమతి. 31 ఫైళ్లలో 4 నావి కావని తేలింది. ఒక కుర్చీ మెష్‌ను, అంటే దాని త్రీడీ ఆకారపు ఫైలును, దాన్ని చేసినవారు ఉచిత మాడ్‌లలో వాడుకోవడానికి మాత్రమే ఇచ్చారు. ఆ షరతు నేను పూర్తిగా మరచిపోయాను. రెండు రాత్రులు కూర్చుని ఆ కుర్చీని మొదటి నుంచి నేనే చేసుకున్నాను. మిగిలిన మూడింటిని తీసేశాను. మీరూ ఈ పట్టిక రాయండి; అనుమతి గడి ఖాళీగా ఉంటే ఆ మాడర్‌కు ఉత్తరం రాసి అడగండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

2015 ఏప్రిల్‌లో ఆటలమ్మే స్టీమ్ దుకాణంలో మాడ్‌లు పంచుకునే చోటైన స్టీమ్ వర్క్‌షాప్‌లో స్కైరిమ్ ఆట మాడ్‌ల అమ్మకం మొదలైనప్పుడు, చేపలు పట్టే మాడ్ ఒకటి మరొకరి యానిమేషన్ పనిపై ఆధారపడిందన్న అభ్యంతరంతో వెంటనే తప్పుకోవలసి వచ్చింది. ఆ పథకమే వారం నిలవలేదు. మాడర్‌కు దక్కే వాటా 25 శాతమేనని చాలామంది కోపగించారు. నన్ను మాత్రం ఇప్పటికీ బాధపెట్టేది ఆ చేపల మాడ్ సంగతే.

అన్నీ మీరే చేసినా ఆట మీది కాదు. డ్యూక్ న్యూకెమ్ 3డీ ఆటకు ఆటగాళ్లు చేసిన 300 లెవెళ్లను (ఆటలోని దశలను) ఒక సంస్థ సీడీలో అమ్మితే, 1998లో అమెరికా అప్పీలు కోర్టు దాన్ని కాపీరైటు ఉల్లంఘనగానే చూసింది. ఆ లెవెల్ ఫైళ్లలో ఆట బొమ్మలేవీ లేవు. అయినా అవి ఆ ఆట నాయకుడు డ్యూక్ కథకు కొనసాగింపులేనంది కోర్టు. అందుకే ఆట లైసెన్సు ఒప్పందంలో మాడ్‌ల భాగం మీరే చదవండి, ఎవరో చెప్పింది నమ్మకండి. మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లను పంచవచ్చు, అమ్మకూడదు. సిమ్స్ 4 మాడ్‌లూ ఉచితంగానే ఇవ్వాలి. అయితే విరాళాలు తీసుకోవచ్చు, విరాళమిచ్చినవారికి కొంతకాలం ముందుగా ఇవ్వవచ్చు. ఆ తరువాత అందరికీ ఇవ్వాల్సిందే.

నేను ఎంచుకున్న దారి ఇదే. ముందుగా ఇచ్చే గడువు మూడు వారాలు. అందరికీ ఉచితంగా విడుదలయ్యే తేదీని మొదటి రోజే, విరాళం మీట పక్కనే రాస్తాను. ఆట అప్‌డేట్ తరువాత మాడ్ పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో సరిచేస్తానో కూడా అక్కడే ఉంటుంది. ఒకసారి ఆ గడువు తప్పాను. అడిగినవారందరికీ డబ్బు తిరిగి పంపాను. అప్పటి నుంచి, వచ్చిన విరాళాలను నెలాఖరు వరకు ముట్టుకోకుండా పక్కన ఉంచుతున్నాను.